ఏ నీళ్ళు?

ఆమెను మట్టిలో పెట్టి తిరిగి వస్తుంటే మా బాపు అన్న మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. తువ్వాల భుజం మీద సర్దుకుంటూ, ఎవరూ అడగకపోయినా, పక్కన నడుస్తున్న నలుగురికీ వినపడేలా అన్నాడు.

"మనిషి బంగారం. పనితనమే జర తక్కువ."

ఆ నలుగురూ అవునవునని తలలూపారు. వాళ్ళలో ఒకతను కిందటేడు కల్లు ముంతలో పడ్డ ఫోన్‌ను ఆమె దగ్గరికి తీసుకుపోకుండా చౌటుప్పల్ దుకాణంలో ఇచ్చి, పాడు చేయించుకుని వచ్చినవాడు. వాడూ తలూపాడు.

పనితనం తక్కువా? చౌటుప్పల్ నుంచి మర్రిగూడ దాకా వెతికినా, నీళ్ళలో పడ్డ ఫోన్‌ను అంత ఓపికగా విప్పి బాగు చేసే చేయి ఇంకొకటి దొరకదు. నడిరోడ్డు మీద నిలబడి ఆ మాట అరవాలనిపించింది. అరిచే ముఖం నాకు లేదు. ఎందుకంటే అది మా బాపు మాట కాదు. మూడేళ్ళ కింద ఆయన నోట్లో ఆ మాట పెట్టింది నేనే.

ఆమె పేరు రాయను. బతికి ఉంటే "నా పేరెందుకే, నీ పేరు రాసుకో" అనేది. అనడానికి ఆమెకు హక్కుంది. ఊళ్ళో వరుసకు నాకు పెద్దమ్మ. మిగతావాళ్ళకు సెల్లుల పెద్దమ్మ.

హైవే నుంచి లోపలికి వస్తే, కొత్త ప్లాట్ల రాళ్ళ మధ్య అమ్మకుండా మిగిలిపోయిన రేకుల ఇల్లు ఆమెది. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు పట్నంలో టీవీలు తయారు చేసే కంపెనీలో సోల్డరింగ్ చేసిందట. ఆ కంపెనీ మూతబడింది కానీ చేతిలో పని పోలేదు. గడప పక్కన కిటికీ వెలుతురు పడేచోట పీట వేసుకుని కూర్చునేది. ముందు ఒక పాత స్టీలు పళ్ళెం, రెండు టిఫిన్ డబ్బాలు, పళ్ళు తోముకునే బ్రష్షులు ఓ గుప్పెడు, మందుల దుకాణంలో తెచ్చిన స్పిరిట్ సీసా, బండి బ్యాటరీలలో పోసే నీళ్ళ డబ్బా. అంతే సరంజామా.

ఎవరు ఫోన్ పట్టుకుని వచ్చినా మొదట అడిగేది ఒక్కటే. ఎట్లా పడింది అని కాదు, ఎప్పుడు పడింది అని కూడా కాదు.

"ఏ నీళ్ళు?"

చాలామందికి ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు. నీళ్ళు నీళ్ళే కదా అని చూసేవారు. ఆమెకు కోపం వచ్చేది. ఆమెకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

"నీళ్ళన్ని ఒక్కటేనా? బోరు నీళ్ళా, కుంట నీళ్ళా, వాన నీళ్ళా, నల్లా నీళ్ళా? సబ్బు నీళ్ళయితే ఒక తీరు కడుగాలె, కల్లయితే ఒక తీరు కడుగాలె. నీళ్ళు ఎండితె పోతయి. నీళ్ళల్ల ఉన్నది ఏడికి పోతది? లోపల్నే కూసుంటది."

రెండో ప్రశ్న "ఆన్ చేసినవా?" చేసి చూశామన్నవాళ్ళకు దండకం. మూడోది బియ్యం గురించి. బియ్యం డబ్బాలో రెండు రోజులు దాచి తెచ్చామని ఎవరైనా గర్వంగా చెబితే ఇక ఆమె నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. "ఎందుకు, అది అన్నం తింటదా?" అంటూ ఛార్జింగ్ రంధ్రంలో ఇరుక్కున్న నూకను సూదితో తీసి వాళ్ళ అరచేతిలో పెట్టేది. తీసుకెళ్ళి వండుకోమనేది.

నీళ్ళ గురించి అబద్ధం చెప్పేవాళ్ళే ఎక్కువ. హైస్కూల్ సారు ఒకాయన తన ఫోన్ వానలో తడిసిందని చెప్పాడు. ఆమె వెనక మూత విప్పి ఒక్కసారి వాసన చూసింది.

"సారు, గీ వాన మీ లెట్రిన్లనే పడ్డదా, ఊరంత పడ్డదా?"

ఆమె గడప ముందున్న బెంచీ మీద కూర్చున్నవాళ్ళం పొట్టలు పట్టుకుని నవ్వాం. సారు ముఖం ఎర్రబడింది. ఆమె మాత్రం నవ్వలేదు. "సిగ్గు మీది, ఫోను మీది. ముందే చెప్తే ఇంకో తీరు కడుగుతుంటి" అని విసుక్కుంటూ స్పిరిట్ సీసా మూత తీసింది.

వాసనతో తేలకపోతే నాలుకతో చూసేది. ఫోన్‌ను ఒంచితే రంధ్రంలోంచి జారే చుక్కను చిటికెన వేలి కొసన పట్టి, నాలుకకు తగిలీ తగలకుండా తాకించి, వెంటనే పక్కకు ఉమ్మేది. ఉప్పగా ఉంటే బోరు, మందు వాసన వేస్తే నల్లా, జిగటగా తీపిగా ఉంటే కల్లో సోడానో. వాసన చూడగానే లెట్రిన్ అని తెలిస్తే దాని జోలికి పోయేది కాదనుకోండి. ఆ పని చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. అట్లా చేయకు పెద్దమ్మా అని ఒకసారి అన్నాను. అప్పుడు పైపెదవి ఎత్తి తన పళ్ళు చూపించింది. గారపట్టి, మచ్చలు మచ్చలుగా, అంచులు అరిగిపోయిన పళ్ళు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో.

"మా ఊర్ల బోరు ఏసిండ్రు, నీళ్ళు వడ్డయి, తాగినం. మా అవ్వ నడుము వంగి నేలను జూసుకుంటనే వాయె. నా పండ్లు గిట్లయినయి. గప్పుడు ఒక్కడన్న ఏ నీళ్ళని అడిగిండా? అందుకే నేను అడుగుత. మనిషికి అడగకపాయిరి, ఫోనుకన్న అడుగనీ."

తర్వాత అదే చిటికెన వేలిని కొంగుకు తుడుచుకుని పనిలో పడింది. మరలు తీసి పళ్ళెంలో వరుసగా, విప్పిన క్రమంలోనే పెట్టుకునేది. లోపలి ఆకుపచ్చ పలకను బ్యాటరీ నీళ్ళతో కడిగి, స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో పసిపిల్లకు పళ్ళు తోమినట్టు మెల్లగా రుద్దేది. పాత నూలు చీర ముక్కలో చుట్టి నీడన ఆరబెట్టి, చివరికి టిఫిన్ డబ్బాలో చిన్న బల్బు పక్కన పెట్టేది. ఎండలో పెట్టనిచ్చేది కాదు. ప్రతి ఫోన్‌కూ ఒక కాగితపు పొట్లం, దాని మీద పెన్సిలుతో నీళ్ళ పేరు. బోరు. వాన. పప్పు. ఫోన్ ఎవరిదో రాసేది కాదు, ఏ నీళ్ళో రాసేది. ఫోన్ తిరిగి తీసుకోవడానికి పోతే "నువ్వు పప్పువా, కుంటవా?" అని అడిగేది.

ఇక నా సంగతి చెప్పాలి.

మూడేళ్ళ కింద మా బర్రె, ఈనడానికి నెల ఉందనగా, వాగులో నీళ్ళు తాగి వచ్చి కొట్టంలో పడిపోయింది. నురుగు కక్కి తెల్లారేసరికి చచ్చిపోయింది. కంపెనీల మురికినీళ్ళేవో వాగులోకి వదులుతున్నారని ఊరంతా గుసగుసలు. బాపు అర్జీ పెడితే ఆఫీసర్లు వచ్చారు. అప్పటికి వాన పడి వాగు తేటగా ఉంది. సీసాలో నీళ్ళు పట్టుకుని, ఆధారం ఏమైనా ఉందా పెద్దాయనా అని అడిగి వెళ్ళిపోయారు.

ఆ ఒక్క మాట పట్టుకున్నాడు మా బాపు. రోజూ తెల్లవారుజామునే లేచి వాగు ఒడ్డున తంగేడు పొదల్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు ట్యాంకర్ వచ్చింది. పైపు దించి అందులో ఉన్నదంతా వాగులోకి వదిలారు. బాపు మొత్తం వీడియో తీశాడు. తీసి, తిరిగి వస్తూ ఒడ్డు మీద కాలు జారి పడ్డాడు. చేతిలో ఫోన్ ఆ నీళ్ళలోనే పడింది. వెతికి తీసి, మోకాళ్ళు చీరుకుపోయిన మనిషి ఇంటికొచ్చి దాన్ని నా చేతిలో పెట్టాడు.

"బిడ్డా, అంత గిండ్లనే ఉన్నది. ఎట్లనన్న జేసి తీపియ్యి."

ఆ ట్యాంకర్ ఏ కంపెనీదో ఆయన చెప్పక ముందే నాకు తెలుసు. నేను ఆ కంపెనీలోనే, గేటు పక్క టైం ఆఫీసులో పనిచేస్తాను. లోపలికి వచ్చే బండి, బయటికి పోయే బండి నా కళ్ళ ముందే పోతాయి. ఆ నెలలోనే మమ్మల్ని కొందరిని పర్మినెంట్ చేస్తారని చెప్పారు. జాబితాలో నా పేరుందని మేనేజర్ నవ్వుతూ చెప్పాడు కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. వాడి మీద కాదు, ఆ నవ్వుకు పొంగిపోయిన నా మీద.

ఫోన్ తీసుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. బెంచీ మీద ఎవరూ లేరు.

"ఏ నీళ్ళు?"

"బకెట్ల పడ్డది పెద్దమ్మా. మా బోరు నీళ్ళే."

నా నోట అంతకు ముందు అబద్ధం వినలేదు కాబట్టి నమ్మింది. వాసన కూడా చూడలేదు. మా బోరు నీళ్ళు ఆమెకు తెలిసినవే. అలవాటు కొద్దీ ఫోన్‌ను ఒంచింది. చుక్క జారింది. చిటికెన వేలి కొసన పట్టింది. ఆ వేలు నాలుక దాకా పోయేలోపు చేయి పట్టుకుని ఆపడానికి నాకు కావలసినంత సమయం ఉంది. ఆపలేదు. నిలబడి చూశాను. ఈ మాట రాస్తుంటే పెన్ను విరిచేయాలనిపిస్తోంది.

ఆమె ఒక్క ఉదుటున లేచి కుండ దగ్గరికి పరిగెత్తింది. చెంబు తర్వాత చెంబు పుక్కిలించి ఉమ్మింది. తిరిగి వచ్చి పీట మీద కూర్చునేసరికి నాలుక కొస తెల్లగా ఉడికిపోయి ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి గొంతు పెంచలేదు.

"ఏ నీళ్ళు?"

అప్పుడు చెప్పాను. బర్రె సంగతి, ట్యాంకర్ సంగతి, బాపు వీడియో సంగతి, నా ఉద్యోగం సంగతి. ఏడుస్తూ చెప్పాను. ఆ ఏడుపు చూసి ఆమె కరగలేదు.

"నా నాలిక మండుడు అట్లుండనీ. నీకు నాలిక లేదా? ఒక్క మాట జెప్తే ఏంబోయె?"

అంతే. ఆ తర్వాత నన్ను తిట్టలేదు. మూడు రోజులు ఇంకే పనీ ముట్టలేదు. వారం పాటు కారం తినలేక అంబలి తాగి బతికింది. నేను పోయి చూసినప్పుడల్లా ఆ పలక మీదికి వంగి ఉండేది. మామూలుగా తడిసిన ఫోన్ల లోపల పచ్చటి చిలుము పడుతుంది. దీనిలో నల్లగా, తారులా పట్టుకుంది. నాలుగుసార్లు కడిగింది. రెండు బ్రష్షులు మెత్తబడిపోతే పారేసింది. "గిది నీళ్ళు గాదే, గిది నీళ్ళు గాదు" అని మొద్దుబారిన నాలుకతో తనలో తనే గొణుక్కునేది.

నాలుగో రోజు పొద్దున ఫోన్ వెలిగింది. తెర సగమే కనిపిస్తోంది. అది ఎక్కువసేపు ఉండదని ఆమెకు ముందే తెలుసు. అందుకే తన డబ్బాలోని ఒక మెమరీ కార్డును ముందే అందులో పెట్టింది. కనిపించే ఆ సగం తెర మీదే వేలితో జరుపుతూ వీడియోను కార్డులోకి ఎక్కించింది. కార్డు బయటికి తీసిన కాసేపటికి ఫోన్ చల్లారిపోయింది. మళ్ళీ లేవలేదు.

"సచ్చేముందు సాచ్చెం జెప్పి సచ్చింది" అని నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

కార్డును చిన్న కాగితంలో మడిచి, పెన్సిలు నాలుకకు తగిలించుకోబోయి, మంట గుర్తొచ్చి ఆగి, పొడి పెన్సిలుతోనే రెండు మాటలు రాసింది. కంపెనీ నీళ్ళు.

"మీ బాపు చేతిల వెట్టు. ఇంకెవ్వలి చేతిల వద్దు."

ఇంటికి వచ్చేసరికి బాపు మంచం మీద కూర్చుని నా కోసమే చూస్తున్నాడు. మోకాళ్ళకు ఇంకా కట్లున్నాయి. "వచ్చిందా?" అన్నాడు.

"కాలే బాపు. పెద్దమ్మతోని కాలే."

ఫోన్ చచ్చిపోయిందని చెప్పి ఊరుకోవచ్చు. అది నిజం కూడా. నేను ఆమె పేరు తీశాను. నెపం మోయడానికి నాకొక మనిషి కావలసి వచ్చింది. మూడు రోజులు నా కోసం నాలుక కాల్చుకుని కూర్చున్న మనిషే దొరికింది నాకు!

బాపు దిగులంతా కోపంగా మారింది. ఆ కోపమంతా ఆమె పని మీదికి మళ్ళింది. బస్సు స్టేజీ దగ్గర టీ కొట్టులో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే ముచ్చట. ఆధారం చేతికి అందినట్టే అంది పోయిందని, ఆమెకు పని రాక పోయిందని. మా బాపు మాటకు ఊళ్ళో విలువుంది. మెల్లగా జనం ఆమె దగ్గరికి పోవడం తగ్గించారు. ఫోన్లు మళ్ళీ బియ్యం డబ్బాల్లోకి చేరాయి. నాకు పర్మినెంట్ అయింది. కొత్త ఐడీ కార్డు మెడలో వేశారు. ఆ కార్డు తొడుగులో, నా ఫోటో వెనక, ఆ కాగితపు మడత దాచాను. మూడేళ్ళు దాన్ని మెడలో వేసుకుని తిరిగాను.

ఒకసారి దారిలో ఎదురై "ఇచ్చినవా?" అని అడిగింది. ఇచ్చిన అన్నాను. తర్వాత బాపు మాటలు ఆమె చెవిన పడకుండా ఉంటాయా? ఒక్కసారి మా ఇంటికి వచ్చి నిజం చెబితే చాలు, నా బతుకు బజారున పడేది. రాలేదు. నన్ను కాపాడాలని ఊరుకుందా, నా ముఖం చూడడమే అసహ్యమై ఊరుకుందా? నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. ఇక ఆమె చెప్పదు.

కిందటేడు నా ఫోన్ బట్టలు నానబెట్టిన తొట్టిలో పడింది. పట్నం దుకాణంలో ఇవ్వొచ్చు. ఏదో మొండితనంతో ఆమె దగ్గరికే పోయాను. తిడితే బాగుండునని పోయానేమో. గడప దగ్గర నిలబడి, ఆమె అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. సబ్బు నీళ్ళు పెద్దమ్మా, నిజంగానే సబ్బు నీళ్ళు.

ఆమె చేయి చాపి ఫోన్ తీసుకుంది. తిప్పి చూసి, వాసన చూసి, విప్పడం మొదలుపెట్టింది. నన్ను ఏమీ అడగలేదు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరినీ అడిగిన ప్రశ్న నన్ను మాత్రం అడగలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ బాగు చేసి పొట్లం కట్టి ఇచ్చింది. పొట్లం మీద ఏమీ రాయలేదు. ఎవరు కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు.

మొన్న నాలుగు రోజులు దవాఖానలో ఉండి కన్నుమూసింది. ఈరోజు పొద్దున మట్టిలో పెట్టాం. అప్పుడు కదా మా బాపు ఆ మాట అన్నది.

ఇంటికి వచ్చి ఆయన వాకిట్లో తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను లోపలికి పోయి ఐడీ కార్డు తొడుగులోంచి ఆ కాగితం తీశాను. మెమరీ కార్డును నా ఫోన్‌లో పెట్టి ఆయన ముందు పట్టుకున్నాను. తంగేడు కొమ్మలు, ట్యాంకర్, పైపు, నురగలు కక్కుతున్న వాగు. ఊపిరి ఎగపోసుకుంటూ "దొరికిండ్రు, కొడుకులు దొరికిండ్రు" అంటున్న ఆయన గొంతు. తడి కాళ్ళతోనే నిలబడి రెండుసార్లు చూశాడు.

"గిది ఎప్పుడొచ్చింది?"

"గప్పుడే. నాలుగోనాడే తీసింది పెద్దమ్మ. నేనే నీకియ్యలే."

ట్యాంకర్ గురించి మాట్లాడతాడనుకున్నాను. బర్రె గురించి, నా ఉద్యోగం గురించి తిడతాడనుకున్నాను. ఆయన కాగితం మీద పెన్సిలు అక్షరాలను కూడబలుక్కుని చదివాడు.

"ఆమెకు పని రాదని నేను ఎంతమందికి చెప్పిన బిడ్డా?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాడు. చెప్పులేసుకున్నాడు.

"నడువు. నేను జెప్తె ముసలోడు మాట మార్చిండంటరు. నువ్వే చెప్పాలె. నేను పక్కపొంటి నిలవడ్త."

మధ్యాహ్నం షిఫ్టు బస్సు కోసం టీ కొట్టు దగ్గర మా కంపెనీవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. అందరివీ ఒకే రంగు చొక్కాలు. మా షిఫ్ట్ ఇన్‌చార్జి కూడా గ్లాసు పట్టుకుని ఉన్నాడు. బాపు నా భుజం మీద చేయి వేశాడు. నేను గట్టిగానే మొదలుపెట్టాను.

"సెల్లుల పెద్దమ్మకు పని రాదని మా బాపు జెప్పిండు గద, అది అబద్ధం. ఆమె ఆ ఫోన్ల ఉన్న వీడియో తీసిచ్చింది. కాలేదని బాపుకు జెప్పింది నేను."

ఈ మధ్యే కొట్టు తీసుకున్న కొత్తతను పాలు వడగడుతూ తలెత్తాడు. "ఏ ఫోనమ్మా?"

"నీళ్ళల్ల పడ్డది. బాపుది."

"ఏ నీళ్ళు?" అన్నాడు, మామూలుగా, గ్లాసు అందుకుంటూ.

ఇన్‌చార్జి నా వైపే చూస్తున్నాడు. ఐడీ కార్డు నా చేతిలోనే ఉంది.

"కంపెనీ నీళ్ళు" అన్నాను. "మన కంపెనీ నీళ్ళే."